ముదురు రంగు కోసం వేడితో శుద్ధి చేసిన యాష్ కలప: పుస్తకాల బీరువాకూ, ఉయ్యాల బల్లకూ పనికివస్తుందా?

ప్రశ్న: గోదారిగట్టు (మిచిగన్, అమెరికా)

అందరికీ నమస్కారం. డెట్రాయిట్ శివార్లలో ఉంటున్నాను. గ్యారేజీలో టేబుల్ రంపం, ప్లేనర్, రౌటర్ అమర్చుకొని సెలవు దినాల్లో చెక్కపని చేస్తుంటాను. ఇప్పుడు రెండు వస్తువులు తలపెట్టాను. ఒకటి, చెక్క తలుపులూ కింద సొరుగులూ ఉన్న పుస్తకాల బీరువా. రెండవది, హాలులో పైకప్పు దూలాలకు వేలాడదీసే ఉయ్యాల బల్ల. తెనాలిలో మా అత్తగారింట్లో తాతల నాటి రోజ్‌వుడ్ ఉయ్యాల బల్ల ఉంది. ఇక్కడి వస్తువులు కూడా ఆ ముదురు గోధుమ వన్నెలోనే ఉండాలని ఇంట్లో అందరి కోరిక.

రోజ్‌వుడ్‌ను మొదట్లోనే పక్కన పెట్టాను. ఆ ప్రజాతి మొత్తం 2017 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది, పైగా అంత ఖరీదు నా వల్ల కాదు. ఇక్కడ సహజంగా దొరికే ముదురు కలప బ్లాక్ వాల్‌నట్. అయితే ఉయ్యాల బల్లకు కావలసిన మందంలో, తెల్ల చెక్క అంచు లేని పలకలను ఏరుకుంటే ఖర్చు నా అంచనాను దాటిపోతోంది. ఈ ఇబ్బంది చెప్పినప్పుడు కలప దుకాణదారు, యాష్ అనే లేత రంగు గట్టి చెక్కను వేడితో శుద్ధి చేసి చేసిన పలకలు చూపించాడు. రసాయనాలేమీ వాడలేదనీ, రంగు పైపూత కాదనీ చెబుతూ ఒక ముక్కను మధ్యకు కోసి చూపించాడు. కోసిన ముఖం కూడా అంచు నుంచి అంచు వరకు ఒకే కాఫీ రంగులో ఉంది.

ఇద్దరు పెద్దవాళ్లు కూర్చొని ఊగే బల్లకు, అంటే సుమారు ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల పలకకు, ఈ కలప బలం సరిపోతుందా? ఆ రంగు నిలుస్తుందా? జిగురు, మరలు, పాలిష్ విషయంలో మామూలు యాష్‌కూ దీనికీ ఉన్న తేడాను వాడినవారెవరైనా వివరించగలరా?

జవాబు: చేవమాను (ష్టుట్‌గార్ట్, జర్మనీ)

నమస్కారమండీ. నేను ఒక ఫర్నిచర్ వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. మా వైపు ఈ కలపను ఇళ్ల వెనుక డెక్కులకూ, బయటి గోడల తొడుగుకూ విరివిగా వాడతారు, లోపలి సామానుకు కొంత తక్కువగా వాడతారు. ముందుగా ఉయ్యాల సంగతి చెబుతాను, ఎందుకంటే అది మనుషుల భద్రతకు సంబంధించినది. బరువు మోసే పలకను ఈ కలపతో చేయవద్దు. బీరువాకు మాత్రం నిస్సంకోచంగా వాడుకోవచ్చు.

కారణం ఆ శుద్ధి పద్ధతిలోనే ఉంది. పలకలను ఉక్కు గదిలో పేర్చి, లోపలికి ఆవిరి పంపుతూ, ప్రాణవాయువు చేరకుండా చూస్తూ, ఉష్ణోగ్రతను మెల్లమెల్లగా పెంచి, కలప జాతినీ కావలసిన రంగునూ బట్టి సుమారు 180 నుంచి 215 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు మూడు గంటలు ఉంచుతారు. ఆ తరువాత చల్లార్చి, మళ్లీ ఆవిరితో కాస్త తేమ పట్టించి, 4 నుంచి 7 శాతం తేమతో బయటికి తీస్తారు. కలపలో సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అని మూడు ప్రధాన పదార్థాలుంటాయి. ఈ వేడికి మొదట విచ్ఛిన్నమయ్యేది హెమిసెల్యులోజ్. గాలిలోని తేమను ఎక్కువగా పట్టి ఉంచేది అదే కాబట్టి, అది తగ్గాక కలప తేమను పీల్చుకోవడం దాదాపు సగానికి పడిపోతుంది, ఉబ్బడమూ కుదించుకోవడమూ ఆ మేరకు తగ్గుతాయి. రంగు ముదరడానికీ, బూజుకూ కుళ్లుకూ తట్టుకోవడానికీ కారణం ఈ మార్పులే.

కానీ సెల్యులోజ్ నారలకూ లిగ్నిన్‌కూ మధ్య పట్టును నిలిపేది కూడా ఆ హెమిసెల్యులోజే. అందువల్ల వంపును తట్టుకునే బలం, శుద్ధి చేసిన ఉష్ణోగ్రతను బట్టి, 10 నుంచి 30 శాతం వరకు తగ్గుతుంది. ఒక్కసారిగా పడే తాకిడిని ఓర్చుకునే గుణం ఇంకా ఎక్కువగా దెబ్బతింటుంది. ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది: కలప బిరుసు మాత్రం పెద్దగా మారదు. మామూలు యాష్ పలక మీద భారం మితిమీరితే అది కిందికి వంగుతుంది, కిర్రుమంటుంది, నారలు చీలుతూ ముందే హెచ్చరిస్తుంది. శుద్ధి చేసిన పలక అలాంటి హెచ్చరికేమీ ఇవ్వకుండా, హద్దు దాటగానే పుటుక్కున విరుగుతుంది. అమెరికాలో బేస్‌బాల్ బ్యాట్లకూ, పనిముట్ల పిడులకూ వైట్ యాష్‌ను చాలాకాలం పాటు ఇష్టపడింది దానికున్న తాకిడి ఓర్పు చూసే కదా. వేడి ముందుగా హరించేది సరిగ్గా ఆ గుణాన్నే. పిల్లలు పరుగెత్తుకొచ్చి దూకే ఉయ్యాలకు అదే అన్నిటికంటే ముఖ్యమైన గుణం.

బలం తగ్గుతుందన్న సంగతి కొత్తగా తెలిసినదేమీ కాదు. అమెరికాలోనే, విస్కాన్సిన్‌లోని మాడిసన్ నగరంలో ఉన్న ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీలో స్టామ్, ఆయన సహచరులు కరిగించిన లోహంలో చెక్కను వేడిచేసి, 1946లో ఆ ఫలితాలను స్టేబ్‌వుడ్ అన్న పేరుతో ప్రకటించారు. చెక్క ఉబ్బడం బాగా తగ్గినా, పెళుసుదనం వల్ల అది వ్యాపారంగా నిలదొక్కుకోలేదు. 1990ల్లో ఫిన్లాండ్ పరిశోధన సంస్థ వీటీటీ ఆవిరితో చేసే పద్ధతిని రూపొందించాకే ఈ కలప పెద్ద ఎత్తున బజారుకు వచ్చింది. అప్పుడు కూడా దానికి దొరికిన చోటు గోడల తొడుగు, డెక్కు, ఆవిరి స్నానపు గది వంటివే. దూలాలూ స్తంభాలూ చేయడానికి దాన్ని ఎవరూ సిఫారసు చేయలేదు.

ఇక బీరువా. మీ ఊళ్లో చలికాలంలో హీటర్ల వల్ల ఇంటి గాలి బాగా ఎండిపోతుంది, వేసవిలో తేమ ఎక్కుతుంది. ఆ తేడాకు చెక్కలోని తేమ 6 శాతం నుంచి 10 శాతానికి మారిందనుకుంటే, పన్నెండు అంగుళాల వెడల్పున్న మామూలు యాష్ పలక దాదాపు 1/8 అంగుళం వెడల్పు పెరుగుతుంది. వేసవిలో సొరుగులు బిగుసుకుపోవడానికీ, శీతాకాలంలో తలుపు దిలాసాల (తలుపు చట్రంలో బిగించే పలకల) పక్కన పాలిష్ తగలని తెల్ల గీతలు బయటపడడానికీ కారణం ఇదే. శుద్ధి చేసిన యాష్‌లో ఈ కదలిక ఇంచుమించు సగమే. నా దృష్టిలో ఈ కలపను కొనడానికి అసలు కారణం ఈ నిలకడ. రంగు దానితోపాటు కలిసివచ్చే లాభం మాత్రమే.

పనితనం విషయానికి వస్తే, చిత్రిక పట్టినప్పుడు పొడవైన చుట్టలు రావు. పొట్టు పొట్టుగా, కాఫీ పొడి రంగులో రాలుతుంది. రంపపు పొట్టు చాలా సన్నగా, పొడిగా ఉండి గాలిలో చాలాసేపు తేలుతుంది కాబట్టి మాస్కూ, పొట్టు లాగే యంత్రమూ తప్పనిసరి. కోస్తున్నంతసేపూ బెల్లం పాకం మాడిన వాసన వస్తుంది. పాలిష్ వేశాక అది క్రమంగా తగ్గిపోతుంది, అయినా మూసి ఉండే సొరుగుల్లో కొన్నాళ్లు తెలుస్తూనే ఉంటుంది. అంచులు సులువుగా పెచ్చులూడతాయి. రౌటర్ బిట్లు పదునుగా ఉండాలి, ఒకేసారి లోతుగా కోయకుండా కొద్దికొద్దిగా తీయాలి, పలక చివర వెనుకవైపు మరో చెక్కను ఆనించి పెట్టాలి. మరలకు ముందుగా బెజ్జం వేయకపోతే పలక చీలుతుంది. మర పట్టు కూడా మామూలు యాష్‌లో ఉన్నంత ఉండదు. శుద్ధిలో పుట్టిన ఆమ్లం కొద్దిగా మిగిలి ఉంటుంది కాబట్టి సాధారణ ఇనుప మరల బదులు స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడండి.

నీటిలో కలిసిన తెల్ల జిగురు ఆరాలంటే చెక్క ఆ నీటిని పీల్చుకోవాలి. ఈ చెక్క ఆ పని చాలా నెమ్మదిగా చేస్తుంది. కాబట్టి జిగురు పలుచగా, సమంగా పూసి, క్లాంపులను మామూలుకంటే చాలా ఎక్కువసేపు, వీలైతే రాత్రంతా, బిగించి ఉంచండి. మరీ గట్టిగా బిగించవద్దు, అంచులు నలిగిపోతాయి. కూసాలు (బెజ్జంలో దూరేలా చెక్కిన పలక చివరలు) బిగుతుగా ఉంటే సుత్తితో కొట్టి దూర్చే ప్రయత్నం చేయకండి. బెజ్జం గోడ చీలిపోతుంది. చేతి ఒత్తిడికే దిగేలా సరిచేసుకోవాలి.

జవాబు: నల్లమద్ది (మిన్నెసోటా, అమెరికా)

చేవమాను గారు చెప్పిన బలం లెక్కలతో నాకు పేచీ లేదు. రంగు గురించి మాత్రం వేరే మాట చెప్పాలి. దుకాణాల్లో దీన్ని వాల్‌నట్‌కు ప్రత్యామ్నాయమని చూపుతున్నారు, అది సగమే నిజం. యాష్ చెక్కలో ప్రతి ఏటి వలయం వెంబడీ పెద్ద రంధ్రాల వరుస ఉంటుంది. వేడిచేసినంత మాత్రాన ఆ గరుకు చారలు ఎక్కడికీ పోవు. చూడగానే అది ముదురు రంగు యాష్ అనే తెలుస్తుంది. వాల్‌నట్‌లో కనిపించే ఊదా ఛాయలు, ఒకే పలకలో లేత నుంచి ముదురుకు జారే మెరుపు ఇందులో ఉండవు. మన ఇళ్లలోని పాత టేకు ద్వారబంధాల వన్నె ఇష్టమైతే ఇది నచ్చుతుంది. రోజ్‌వుడ్ వన్నె ఆశిస్తే నిరాశే మిగులుతుంది.

నునుపైన ముఖం కావాలంటే వేడితో శుద్ధి చేసిన మేపుల్ అడగండి. గిటార్ల మెడలకు వాడే కాల్చిన మేపుల్ ఆ కోవకు చెందినదే. అది కాఫీ రంగుదాకా పోకుండా పాకం రంగు దగ్గర ఆగుతుంది. పాప్లర్ కూడా దొరుకుతుంది, దాని ఆకుపచ్చ మచ్చలన్నీ ఒకే గోధుమ రంగులో కలిసిపోవడం ముచ్చటగా ఉంటుంది. కానీ అది అసలే మెత్తని చెక్క, గోరు గుచ్చినా సొట్ట పడుతుంది. బీరువా వెనుక పలకకు సరిపోతుంది, అరలకు వద్దు.

ఇంకొకటి, ఈ రంగు ఎండకు నిలవదు. బయట పూత లేకుండా వదిలేస్తే కొన్ని నెలల్లోనే బూడిద రంగుకు తిరుగుతుంది. ఇంట్లో అంత వేగంగా మారకపోయినా, కిటికీ పక్కన పెట్టిన బీరువా ఎండ తగిలే వైపు తేటపడడం ఖాయం. ఆ మాటకొస్తే వాల్‌నట్ కూడా ఏళ్లు గడిచేకొద్దీ తేటపడి తేనె రంగుకు వస్తుంది, ఆ దోషం ఒక్క యాష్‌కే అంటగట్టడం న్యాయం కాదు. అతినీల లోహిత కిరణాలను అడ్డుకునే పాలిష్ వేస్తే మార్పు నెమ్మదిస్తుంది, ఆగదు.

నా సలహా ఏమిటంటే, మామూలు యాష్ కొని ముదురు రంగు అద్దకం పట్టించండి. మీరున్న చోట యాష్‌కు కొదవ ఉండకూడదు. యాష్ చెట్లను తొలిచే పచ్చపురుగు ఉత్తర అమెరికాలో మొదట బయటపడింది 2002లో మీ డెట్రాయిట్ పరిసరాల్లోనే. ఆ తరువాత కోట్లాది చెట్లు చచ్చిపోయాయి, వాటిలో కోతమిల్లులకు చేరిన కలప చాలానే ఉంది. పురుగు తొలిచేది బెరడు కిందనే కాబట్టి వేళకు నరికిన చెట్టు లోపలి చెక్క గట్టిగానే ఉంటుంది.

మళ్లీ: గోదారిగట్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఉయ్యాల విషయంలో నా ఆలోచన మార్చుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. బీరువాకు శుద్ధి చేసిన యాష్, ఉయ్యాలకు అద్దకం పట్టించిన మామూలు యాష్ వాడితే ఒకే గదిలో రెండూ వేరువేరుగా కనిపించవా? మామూలు యాష్ బల్ల మీద శుద్ధి చేసిన పలుచని పలకను అతికించి రెండింటి గుణాలూ పొందవచ్చా? గిటార్లు చేసేవారు చిన్న ముక్కలను వంటింటి ఓవెన్‌లో కాలుస్తున్న వీడియోలు కూడా చూశాను. సొరుగుల పిడులకు అలా చేసుకోవచ్చా?

జవాబు: చేవమాను

ఓవెన్ సంగతి మొదట. చేయకండి. కర్మాగారంలో ఆవిరి వల్ల ప్రాణవాయువు దూరంగా ఉంటుంది, చెక్క లోపలి వేడినీ బయటి వేడినీ పరికరాలు ఎప్పటికప్పుడు చూస్తుంటాయి, వేడెక్కిన చెక్క తనంతట తానుగా మరింత వేడెక్కితే నీళ్లు చిమ్మే ఏర్పాటు ఉంటుంది. వంటింటి ఓవెన్‌లో ఇవేవీ లేవు. వచ్చే పొగ కళ్లకూ ఊపిరితిత్తులకూ మంచిది కాదు, ముక్క అంటుకునే ప్రమాదమూ ఉంది. ఇంతా చేస్తే పిడులకు కావలసింది రెండు మూడు ముక్కలే. బీరువా పలకల్లో మిగిలిన తుంపులతో అవి వచ్చేస్తాయి.

మామూలు యాష్ మీద శుద్ధి చేసిన పలకను జిగురుతో అతికించడం కూడా సరికాదు. కింది చెక్క వేసవిలో వెడల్పు పెరుగుతుంది, పైది దానిలో సగమే పెరుగుతుంది. రెండింటినీ కదలకుండా అతికిస్తే బల్ల డొప్పలా వంగుతుంది, లేదా అతుకు విడిపోతుంది. మందమైన పలకల్లో ఈ బలాన్ని ఏ జిగురూ ఆపలేదు.

మీరు కోరుకునే ఫలితానికి మరో దారి ఉంది. భారమంతా మోసే చట్రాన్ని రెండంగుళాల మందం గల మామూలు యాష్‌తో చేయండి. పొడవునా రెండు బద్దెలు, వాటి మధ్య అడుగుకొకటి చొప్పున అడ్డబద్దెలు, కూసాలతో బిగించి ఉండాలి. గొలుసుల కొక్కేలు దిగేది ఆ పొడవు బద్దెల్లోకే. శుద్ధి చేసిన యాష్‌ను అంగుళం మందం, నాలుగంగుళాల వెడల్పు పట్టీలుగా కోసి, పట్టీకీ పట్టీకీ మధ్య సన్నని సందు వదిలి, చట్రం మీద పొడవునా పరచండి. అడుగడుగునా కింద ఆధారం ఉంటుంది కాబట్టి పట్టీ మీద వంపు ఒత్తిడి తక్కువ, ఎప్పుడైనా ఒక పట్టీ విరిగినా చట్రం నిలిచే ఉంటుంది, ఆ ఒక్క పట్టీని మార్చుకుంటే సరిపోతుంది. జిగురు వాడకుండా కింది నుంచి స్టెయిన్‌లెస్ మరలు వేయండి. అడ్డబద్దెల్లో మర దూరే బెజ్జాలను కాస్త కోలగా తీస్తే రెండు చెక్కలూ తమ తమ మేర కదలడానికి వీలుంటుంది. కూర్చున్నవారికి కనిపించేదీ, చేతికి తగిలేదీ శుద్ధి చేసిన చెక్కే కాబట్టి బీరువాకూ దీనికీ రంగు కలుస్తుంది. అద్దకం పట్టించవలసింది చట్రానికి మాత్రమే.

జవాబు: కలప అడితి (రాజమహేంద్రవరం)

చర్చ అమెరికా ఇంటి గురించి అయినా, ఇది చదివి మన ఊళ్లలో వాడాలనుకునేవారి కోసం ఒక మాట చెప్పడం అవసరం. మాకు కలప అడితి ఉంది. ఫిన్లాండ్ నుంచి దిగుమతయ్యే శుద్ధి చేసిన పైన్ పలకలను నగరాల్లో భవనాల ముఖభాగాలకు వేయడం చూసి, దాన్నే ద్వారబంధాలకు ఇవ్వమని అడిగేవారు మా దగ్గరికి వస్తున్నారు. వారందరికీ నేను చెప్పేది ఒకటే: ఈ కలప కుళ్లుకు తట్టుకుంటుంది గానీ చెదలకు తట్టుకోదు. టేకు చేవలో సహజంగా ఉండే పదార్థాలు చెదలను దూరం పెడతాయి. వేడి శుద్ధిలో అలాంటిదేమీ చెక్కలోకి చేరదు, అందులో చెదలకు ఆహారమైన సెల్యులోజ్ అలాగే ఉంటుంది. నేలకు ఆనే చోట, గోడలో పాతే చోట దీన్ని వాడకూడదు. దుకాణదారు చెప్పే 'రసాయనాలు లేవు' అన్న మాట నిజమే, చెదపురుగుకు కూడా అది శుభవార్తే.

మన దేశపు చెక్కలమీద కూడా ఈ పని జరిగింది. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో రబ్బరు చెక్కనూ, సిల్వర్ ఓక్‌నూ వేడితో శుద్ధి చేసి రంగు, నిలకడ, బలం ఎలా మారుతున్నాయో పరిశీలించారు. పాలు తీయడం అయిపోయిన రబ్బరు చెట్ల చెక్క తెల్లగా, చవుకగా ఉండి పురుగుకు త్వరగా లోనవుతుంది. దానికి ముదురు రంగూ నిలకడా వస్తే ఇంటి లోపలి సామానుకు మంచి ఉపయోగమే. అంతవరకు మా దగ్గర ముదురు చెక్క అడిగేవారికి నల్లమద్ది చూపిస్తున్నాను. బరువెక్కువ, రంపానికి మొండి, సరిగా ఆరబెట్టకపోతే బీటలిస్తుంది. కానీ ఉయ్యాల బల్లకు సందేహించనక్కరలేదు.

జవాబు: నల్లమద్ది

నా పేరు పెట్టుకున్న చెక్కకే ఓటు పడినందుకు సంతోషం. చేవమాను గారి చట్రం ఆలోచన బాగుంది, దాని ముందు నా అద్దకం సలహాను చట్రం వరకే పరిమితం చేసుకుంటున్నాను.

గోదారిగట్టు గారికి పాలిష్ గురించి ఒక మాట. పూత లేని శుద్ధి చేసిన యాష్ మసకగా, దుమ్ము పట్టినట్టు ఉంటుంది. నూనె తగలగానే రెండు మెట్లు ముదురుతుంది. అందువల్ల చట్రం అద్దకాన్ని పూత లేని పట్టీతో పోల్చి ఎంచుకోకండి. పట్టీ తుంపు ఒకటి, చట్రం తుంపు ఒకటి తీసుకొని, రెండింటికీ చివరిదాకా వేయబోయే పాలిష్ అన్ని పూతలూ వేసి, ఆరనిచ్చి, బల్ల వేలాడదీసే చోటే, అక్కడి వెలుగులోనే పక్కపక్కన పెట్టి చూడండి. చట్రం రంగు ఒక పిసరు ముదురుగా ఉన్నా పరవాలేదు. పట్టీలు తేటపడేకొద్దీ తేడా పెరుగుతుంది కాబట్టి, మొదటి నుంచే అది కావాలని చేసిన అంచులా కనిపించడం మేలు.

మళ్లీ: గోదారిగట్టు

స్పష్టంగా అర్థమైంది. బీరువా తలుపులకూ సొరుగు ముఖాలకూ శుద్ధి చేసిన యాష్, ఉయ్యాలకు మామూలు యాష్ చట్రం మీద పట్టీలు అని నిర్ణయించుకున్నాను. కొక్కేలు వేయకముందు పైకప్పు దూలాలు ఆ భారాన్ని మోస్తాయో లేదో ఒక ఇంజనీరుకు చూపిస్తాను. పట్టీల కోసం దుకాణానికి వెళ్లినప్పుడు ఈ పలకలను ఏ ఉష్ణోగ్రత వద్ద శుద్ధి చేశారో అడుగుతాను. మరీ ముదురు రంగు పలకలను తలుపులకు ఉంచి, తక్కువ వేడికి కాగిన లేత రంగు పలకలుంటే వాటినే ఉయ్యాలకు తీసుకుంటాను.